అగ్గిపుల్లా, మొద్దబ్బాయా

బావకి చెప్పి ఒప్పించడం కన్నా గోడకి చెప్పుకోవడం నయమని ఆ వారంలో బుల్లికి చాలాసార్లు అనిపించింది. గోడ కనీసం మధ్యలో ఊ కొట్టదు. బావ ఊ కొడతాడు. కొడుతూనే తన పని తను చేసుకుంటాడు. అంతా విన్నాక "ఇంతకీ ఏమంటావు తల్లీ?" అని మళ్ళీ మొదటికొస్తాడు.

గొడవంతా ఫోన్‌లో ఆడే ఒక ఆట గురించి. ఒక కోట, కోటకి వెళ్ళే ఒక వంకర దారి, దారి పక్కన మనం కట్టుకునే బురుజులు. శత్రువులు దండు తర్వాత దండుగా ఆ దారినే వస్తారు. బురుజులు వాటంతటవే బాణాలు వేస్తుంటాయి. మన చేత్తో అటూ ఇటూ నడిపించేది ఒక్క వీరుణ్ణే. దండులోంచి తప్పించుకుని కోటలోకి జారిపోయినవాళ్ళు ఇరవైమంది అయితే ఆట ముగిసినట్టే.

బావ, బుల్లి, బావ స్నేహితుడు మందుల షాపాయన, రిటైరైన డ్రైవర్ బాబాయి, నలుగురూ ఒక జట్టు. జట్టుకి నాయకుడు బావే. ఈ ఆదివారం ఒంటరి వీరుడి పోటీ ఉంది. నలుగురూ తలో పక్క బురుజులు చూసుకోవాలి, వీరుణ్ణి నాయకుడు నడపాలి. పోటీకి ముందు జట్టుకి ఒక మణి ఇస్తారు. దాన్ని ఎవరికి పొదిగితే ఆ వీరుడి బలం రెట్టింపవుతుంది. ఒకసారి పొదిగాక తీయడం కుదరదు. అతన్నే పోటీకి తీసుకెళ్ళాలి.

మణి జ్వాలారాణికి ఇవ్వాలని బావ పట్టు. చూపుడువేలంత ఉండి, నెత్తిన మంటతో గెంతుతూ ఉంటుందని ఆమెకి అగ్గిపుల్ల అని పేరు పెట్టాడు. బుల్లి మాత్రం డాలువీరుణ్ణి వెనకేసుకొచ్చింది. అతను పెద్దగా ఎవర్నీ చంపడు. దారికి అడ్డంగా నిలబడతాడు, అంతే. బావ దృష్టిలో అతను మొద్దబ్బాయి.

"అగ్గిపుల్ల నూట నలభైమందిని లేపేసింది. నీ మొద్దబ్బాయి ముప్పైమందిని. ఇంకేం మాట్లాడతావ్?"

"చంపినవాళ్ళని కాదు బావా, జారిపోయినవాళ్ళని లెక్కపెట్టు. వీడు ఆపి ఉంచుతాడు, చంపే పని బురుజులు చూసుకుంటాయి. ఆ పేరు వీడి ఖాతాలోకి రాదు."

"ఊఁ."

"ఊఁ కాదు, విను."

"వింటున్నా. ఇంతకీ ఏమంటావ్?"

బుల్లికి ఇంత పట్టుదల ఊరికే రాలేదు. కిందటి పోటీకి ఆమె మాట మీదే విలుకాణ్ణి తీసుకెళ్ళారు. రెండో దండుకే కోట కూలింది. అప్పట్నుంచి మందుల షాపాయనకి అదో వేళాకోళం. "బుల్లెమ్మ ఏమంటుందో కనుక్కోండి, దానికి ఎదురు చేస్తే గెలిచేస్తాం" అంటాడు. అందరూ నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది, అదే ఎక్కువ మండింది బుల్లికి. ఉద్యోగంలో ఆమె మాటకి తిరుగులేదు. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆమె సంతకం పెడితే డాక్టర్లు మందులు రాస్తారు. తను ఉండే అక్కాబావల ఇంటికొస్తే మాత్రం ఏ వీరుడు మేలో చెప్పడానికి కూడా పనికిరాదు! ఈ ఒక్కసారి ఆమె లెక్క చూసి, "నిజమే, బుల్లి చెప్పినట్టే చేద్దాం" అని ఒక్కరు అంటే చాలు.

అందుకని పద్ధతిగా మొదలుపెట్టింది. ఆటలో సాధన మైదానం అని ఒకటుంటుంది. అక్కడ ఇద్దరి స్థాయి సమానం చేసింది. అదే దారి, అవే బురుజులు, అవే దండులు. వీరుణ్ణి నిలబెట్టే చోటు కూడా ఒకటే, కోట గుమ్మానికి ఎదురుగా ఉన్న రాతిపలక. వీరుడు తప్ప ఇంకేదీ మారకూడదు. ల్యాబ్‌లో కొత్త మిషన్ వచ్చినప్పుడు ఆమె చేసేదీ ఇదే. ఒకే నమూనాని రెండింట్లోనూ పెట్టి చూస్తుంది.

మొద్దబ్బాయి ఉన్న ఆటల్లో నలుగురైదుగురు జారిపోయారు. అగ్గిపుల్ల ఉన్నప్పుడు పదిహేను, పదిహేడు. మళ్ళీ ఆడినా అంతే, మర్నాడు ఆడినా అంతే. బుల్లి ఆ ఫలితాల బొమ్మలన్నీ ఫోన్‌లో జట్టుకి పంపింది. మందుల షాపాయన ఒక బొటనవేలు పంపాడు. డ్రైవర్ బాబాయి పొరపాటున ఒక గులాబీ పువ్వు పంపాడు. బావ ఏమీ పంపలేదు.

మధ్యాహ్నం భోజనం వేళ తిన్నగా బావ కళ్ళద్దాల షాపుకే వెళ్ళింది. బావ ఒక పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప చట్రం తగిలించి, బిళ్ళలు మారుస్తున్నాడు.

"ముందుది బాగుందా అమ్మా, ఇదా?"

"ముందుదే అనుకుంటా నాయనా."

"తొందరేం లేదు. ఇంకోసారి చూడండి. ఇదా? ఇదా?"

ఒక్కో బిళ్ళకీ అంత ఓపిగ్గా అడుగుతున్నాడు. ఆవిడ మాట మార్చినా విసుక్కోలేదు. బుల్లి కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆవిడ వెళ్ళీ వెళ్ళగానే అంది:

"బావా, పంపినవి చూశావా?"

"ఊఁ, చూస్తా. ఆ నీలం డబ్బా ఇటివ్వు."

"ఒక్క నిమిషం చూడు. మొద్దబ్బాయికి నలుగురు, అగ్గిపుల్లకి పదిహేడు."

"పదిహేడే? నూట నలభై కదా!"

"చంపినవాళ్ళు కాదు బాబూ! జారిపోయినవాళ్ళు!"

లోపలికి వస్తున్న ఒకాయన ఆ కేకకి గుమ్మంలోనే ఆగిపోయాడు. బావ ఆయనకి కుర్చీ చూపిస్తూ, "మా మరదలండీ. శత్రువుల గురించి" అన్నాడు. బుల్లి తినకుండానే ల్యాబ్‌కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా వదల్లేదు. అతను షూ వేసుకుంటున్నప్పుడు చెప్పింది, పళ్ళు తోముకుంటుంటే తలుపు బయటి నుంచి చెప్పింది. "ఏమండీ, ఆ మణేదో అది చెప్పినవాడికే పారేయండి, నా చెవులు పోతున్నాయి" అని అక్క కూడా అంది. అది సాయమో వెక్కిరింతో బుల్లికి తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం అక్క భోజనాల బల్ల మీద పిల్లలు వేసిన బొమ్మలు పరుచుకుని మార్కులు వేస్తోంది. స్కూల్లో ఆమె డ్రాయింగ్ టీచరు. బుల్లి పక్కనే కూర్చుని మరో పరీక్ష ఆడుతోంది. లెక్క ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని. అగ్గిపుల్ల రాతిపలక మీద నిలబడి ఉంది, గదలు పట్టుకున్నవాళ్ళు చుట్టూ మూగారు.

అక్క కళ్ళజోడు పైకి జరిపి తొంగిచూసింది. "ఆ పిల్లని వాళ్ళ మధ్యకి తోశావేం? పాపం, ఎలా కొడుతున్నారో చూడు."

"తొయ్యలేదక్కా. ఇద్దర్నీ ఒకే చోట నిలబెట్టాలి. లేకపోతే పోలిక ఎలా అవుతుంది?"

"అతని చేతిలో డాలుంది. దీని చేతిలో ఏముంది?"

"నిప్పు విసురుతుంది."

"విసిరేదానికి దగ్గరకెళ్ళడం ఎందుకే?"

"నీకీ ఆట తెలీదక్కా, ఊరుకో."

అక్క ఊరుకుంది. ఒక ఏనుగు బొమ్మకి మంచి మార్కులేసి పక్కన పెట్టింది. బుల్లికి మాత్రం చెయ్యి ఆడలేదు. అక్క నోరు మూయించడానికే అన్నట్టు ఆట మళ్ళీ మొదలుపెట్టి, అగ్గిపుల్లని గుమ్మం నుంచి తీసి, దారి మలుపుకి అవతల గుట్ట మీద నిలబెట్టింది. తక్కినదేదీ మార్చలేదు.

ఒక్కడు కూడా జారలేదు.

ఏదో కలిసొచ్చి ఉంటుందనుకుని మళ్ళీ ఆడింది. ఒక్కడు. మళ్ళీ ఆడింది. ఎవరూ లేరు. గుట్ట మీంచి అగ్గిపుల్ల తాపీగా నిప్పు విసురుతుంటే దండులన్నీ మలుపు తిరగకుండానే మాడిపోతున్నాయి.

బుల్లి ఫోన్ బల్ల మీద పెట్టేసింది. ల్యాబ్‌లో ఆమె కొత్తగా చేరినవాళ్ళని తిట్టే తిట్లలో మొదటిది ఇదే. చక్కెర చూడ్డానికి బూడిదరంగు మూత గొట్టం, రక్తకణాలు లెక్కపెట్టడానికి ఊదారంగు మూత గొట్టం. అన్నీ సమానంగా ఉండాలని ఒకే గొట్టంలో రక్తం తీస్తే ఏదో ఒక ఫలితం తప్పు వస్తుంది. ఎవరికి తగ్గది వాళ్ళకి ఇచ్చాకే పోలిక. ఆ మాట ఎంతమందికి చెప్పిందో! రాతిపలక మొద్దబ్బాయికి కుదిరిన చోటు. వారం రోజులుగా అతని చోట్లో అగ్గిపుల్లని నిలబెట్టి, నువ్వు పనికిరావంటూ వచ్చింది.

చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. అక్క అప్పుడే మర్చిపోయింది కూడా. మణి మొద్దబ్బాయికి వెళితే తన మాట నెగ్గినట్టే. కానీ రేపు ఓడిపోతే? అంతకన్నా, తప్పని తెలిశాక ఆ లెక్క కింద తన పేరు ఉండటం ఆమెకి పడదు. అలాంటి రిపోర్టు మీద ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. చెబితే మందుల షాపాయన ఏమంటాడో ఆమెకి మాటలతో సహా తెలుసు. అయినా ఆ కొత్త ఫలితాలు కూడా జట్టుకి పంపి, చెప్పులేసుకుని షాపుకి బయల్దేరింది. దారంతా తనని తను తిట్టుకుంది. మధ్యమధ్యలో బావని కూడా తిట్టింది, అతనిదేమీ తప్పులేదని తెలిసే.

బావ ఒక చట్రానికి మరలు బిగిస్తున్నాడు.

"బావా, నేను పొరపాటు పడ్డాను. అగ్గిపుల్లే మేలు. నువ్వు చెప్పిన కారణానికి కాదు, అది వేరే సంగతి. గుట్ట మీద నిలబెడితే ఎవరూ జారరు. మణి దానికే ఇవ్వు."

అతను మర బిగించడం ఆపి తలెత్తాడు. నవ్వాడు.

"ఇచ్చేశాగా! పొద్దున్నే."

"ఎవరికి?"

"ఎవరికేమిటి? నీ మొద్దబ్బాయికి."

బుల్లి కస్టమర్ల కుర్చీలో కూర్చుండిపోయింది. "ఎందుకిచ్చావ్?"

"ఎందుకంటావేం? నీ పోరు పడలేక. మీ అక్క కూడా చెప్పింది."

"అంటే... నేను పంపిన లెక్క చూసి ఇవ్వలేదా?"

"ఏ లెక్క?"

తప్పు లెక్క చూసి ఇచ్చినా ఇంత బాధ ఉండేది కాదు. అసలు చూడనే లేదు. చంటిపిల్ల ఏడుస్తుంటే చేతిలో బిస్కెట్టు పెట్టినట్టు పెట్టాడు.

ఆదివారం నలుగురూ బావ ఇంట్లోనే కూర్చుని ఆడారు. బుల్లి తన పక్క బురుజుల్ని పళ్ళ బిగువున కాపాడింది. మొద్దబ్బాయి మణితో మెరుస్తూ రాతిపలక మీద కొండలా నిలబడ్డాడు. సగం పోటీ దాకా బానే సాగింది. ఆ తర్వాత, సాధన మైదానంలో ఎప్పుడూ రాని రెక్కలున్న దండు వచ్చింది. అవి అతని నెత్తి మీంచి ఎగిరి కోటలోకి పోయాయి. అతను డాలు ఎత్తి పట్టుకుని, అలాగే ఎదురుగా చూస్తూ ఉన్నాడు.

"పోయింది" అన్నాడు డ్రైవర్ బాబాయి, బండి ఆగినంత మామూలుగా.

"నేను ముందే చెప్పానా లేదా?" మందుల షాపాయన బల్ల చరిచాడు. "బుల్లెమ్మ మాట వినకండీ అని!"

"నిన్న నేనే వద్దన్నానండీ! అగ్గిపుల్లకివ్వమన్నాను!"

"చూశారా? నిన్న వద్దంది, అందుకే మొద్దబ్బాయి మంచివాడేమో అనుకుని ఊరుకున్నాను. ఎటు తిరిగినా బుల్లెమ్మే ముంచింది."

అందరూ నవ్వారు. బుల్లికి ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. అది తనదే కాబట్టి కొట్టలేదు.

మిగతా ఇద్దరూ వెళ్ళాక బావ సోఫాలో చేరబడి, ఏమీ తోచక, ఆమె వారమంతా పంపినవి ఒక్కొక్కటే పైకి జరుపుతూ చూడసాగాడు. కాసేపటికి లేచి సరిగ్గా కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇదేదో చాలా పద్ధతిగా చేశావే! గుమ్మం దగ్గర పదిహేడు, గుట్ట మీద సున్నానా? ఇది నాకెప్పుడూ చెప్పలేదేం?"

వంటింట్లోంచి అక్క "అయ్యో రామా" అంది.

"లేదు, నిజంగా బాగుంది. అయితే మొద్దబ్బాయిని కూడా ఇంకెక్కడైనా నిలబెట్టి చూశావా? వంతెన మీద? వాడికి ఇంకా మంచి చోటు ఉందేమో ఎవరికి తెలుసు?"

బుల్లి అతని వైపు చూసింది. వారం రోజుల్లో అతను అడిగిన మొదటి ప్రశ్న అది. సరైన ప్రశ్న కూడా. ఆమెకి తట్టలేదు.

"లేదు" అంది.

"అయితే ఇప్పుడు చూద్దాం. రా. ఇద్దరికీ రెండు మూడు చోట్లు ఇద్దాం. నేను పక్కనే కూర్చుని లెక్క రాస్తా. ఎవరు మేలో ఇవాళ తేల్చేద్దాం."

"కుదరదు బావా."

"ఎందుకు కుదరదు?"

"వాడికి మణి పొదిగావు. బలం రెట్టింపైంది. సాధన మైదానంలో కూడా అది తీయడం కుదరదు. ఇక వాణ్ణి దేనితో పోల్చినా సమానం కాదు. వాళ్ళిద్దరిలో ఎవరు మేలో ఇక ఎప్పటికీ తెలీదు."

బావ తల గోక్కున్నాడు. తెరమీద మొద్దబ్బాయి వేళ్ళాడే డాలుతో, రొమ్ము మీద మణితో మిలమిలా మెరుస్తున్నాడు.

"అవునా?" అన్నాడు బావ, నిజంగా నొచ్చుకుని. "మరి ఆ ముక్క ముందే చెప్పచ్చుగా తల్లీ!"