తోటలో కదలని గీత

నేను ఒక ప్లగిన్‌ని. చేతికి దొరకను, తుప్పు పట్టను. శబ్దాన్ని అప్పటికప్పుడు గీతగా చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. దానికి తగిలించుకునే చిన్న పనిముట్టుని. అక్కర్లేని మోత తీసేయడం నా పని. ఏది అక్కర్లేదో నాకు తెలియదు. మనిషి మూడు క్షణాలు వినిపించి ‘ఇదే మోత’ అంటే చాలు, ఇక ఆ శబ్దాన్ని గీత దాకా పోనివ్వను.

ఓ అద్దె గదిలో ముగ్గురు కలిసి, పక్కింటి మిక్సీని తిట్టుకుంటూ నన్ను తయారుచేశారు. మొదట అమలాపురంలో ఓ స్టూడియోలో చేరి, ప్రవచనాల రికార్డింగుల్లోంచి భక్తుల గురకలు తీసేదాన్ని. అక్కణ్నుంచి ప్రణవ్ నన్ను కాపీ చేసుకున్నాడు. పదిహేను రోజులే ఉచితం. కంప్యూటర్లో తేదీ వెనక్కి తిప్పుకుంటూ రెండేళ్లు వాడుకున్నాడు. ఆయన దగ్గర ఎప్పుడూ మార్చి నెలే.

కొబ్బరి మానులో దాక్కున్న ఎర్రముక్కు పురుగును శబ్దంతో పట్టే పథకానికి ప్రణవ్ నిపుణుడు. ముందే పట్టుకుంటే మందుతో చెట్టు బతుకుతుంది. లేదంటే నెత్తి మీది మొవ్వు వాలి చెట్టు చచ్చిపోతుంది, పురుగు పక్క చెట్లకూ పాకుతుంది. వాసంశెట్టి నూకరాజుకు ఉన్నవి ఇరవై రెండు చెట్లు. ఇల్లు నడిచేది వాటి మీదే. గట్టు మీది చెట్టుకు చెవి ఆనించి, “కరకరమంటోందండి బాబుగారూ” అన్నాడు.

“ఇది చెవులతో తేలేది కాదండి” అన్నాడు ప్రణవ్. మేకులాంటి మైకు మానులోకి దిగ్గొట్టాడు. గాలికో ప్లగిన్, కాకులకో ప్లగిన్ పెట్టి, చివర నన్ను పెట్టాడు. “ఇప్పుడు దీనికి మోత నేర్పాలి. ఎవరూ కదలొద్దు.” తోటలో నీళ్ల మోటారు ఆపించాడు. నూకరాజూ, భార్య సత్తెమ్మా ఊపిరి బిగబట్టారు. గాలి కూడా మర్యాదగా ఆగింది. ఇక తోటలో మిగిలిన శబ్దం పురుగు నమలడం ఒక్కటే. ప్రణవ్ మీట నొక్కాడు. నేను బుద్ధిగా నేర్చుకున్నాను.

గీత కదల్లేదు. అదే అమరికతో ఇరవై రెండు చెట్లూ చూసి, అన్నీ ఆరోగ్యమే అని అక్కణ్నుంచే రిపోర్టు పంపేశాడు.

“మరి ఆ కరకర ఏంటండి?”

“మీ చెవిలో హోరండి. డాక్టరుకు చూపించుకోండి.”

నూకరాజు చూపించుకున్నాడు. చెట్టులో పడాల్సిన మందు ఆయన చెవిలో పడింది.

నలభై రోజులకు గట్టు చెట్టు మొవ్వు వాలింది. ప్రణవ్ మళ్లీ వచ్చి పక్క చెట్టుకు మైకు పెట్టాడు. గీత చదునుగానే ఉంది.

“ఆ చివర పెట్టిందేంటి బాబూ?” అంది సత్తెమ్మ.

“మోత తీసేదండి.”

“ఓసారి దాన్ని ఆపండి. బియ్యం చెరిగినప్పుడు మేం కింద కూడా చూసుకుంటాం, పోయింది ఊకో బియ్యమో అని.”

నన్ను ఆపాడు. గీత ఎగిరిపడింది. మిగతా చెట్లన్నీ చూస్తే, మరో నాలుగింటికీ అంతే.

“రిపోర్టు మార్చడానికి లేదండి. పైకి వెళ్లిపోయింది” అన్నాడు ప్రణవ్, గొంతు తగ్గించి.

“రిపోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. ఏ అయిదు చెట్లో చూపించి వెళ్లండి” అంది సత్తెమ్మ.

నూకరాజు అప్పటికే మానుకు కన్నం పెట్టే బరమా కోసం ఇంటికి బయల్దేరాడు. మందు పోసిన అయిదింట్లో మూడు నిలబడ్డాయి.

ప్రణవ్ నన్ను తీసేశాడు. ఎందుకని కంప్యూటరు అడిగితే, ‘సరిగా పనిచేయడం లేదు’ అని నొక్కాడు. ఇప్పుడు తెర మీది చెత్తబుట్టలో ఉన్నాను. ఆ రోజు తోటలో పొరపాటు లేకుండా పనిచేసినవి మూడు: నూకరాజు చెవి, పురుగు నోరు, నేను. పనిలోంచి తీసేసింది మాత్రం నన్నొక్కదాన్నే.