దక్షిణామూర్తి మేష్టారి చెవులు

పొద్దున్న ఆరింటికి బాలాంబ కాఫీ గ్లాసు తెచ్చి మేష్టారి బల్ల మీద పెట్టేది. ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేవారు. పాలవాడు మళ్ళీ నీళ్ళు కలుపుతున్నాడని ఆవిడ చెప్పేది. "ఊఁ" అనేవారు. పెరటి గోడ వానకి నానిపోయి ఇవాళో రేపో పడిపోయేలా ఉందని చెప్పేది. దానికీ "ఊఁ". తీరా గోడ కూలిన రోజున మేష్టారు బయటికొచ్చి చూసి, "ఇంత జరుగుతుంటే నాకు ఒక్కళ్ళూ చెప్పరేం?" అని కోప్పడ్డారు. పిల్లలు లేని ఆ ఇంట్లో సంసారం పదిహేడేళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

దక్షిణామూర్తి మేష్టారు నర్సీపట్నం హైస్కూల్లో తెలుగు పండితులు. మనిషి చెడ్డవారేం కాదు. ఒకరి జోలికి పోరు, ఒకరి సొమ్ముకి ఆశపడరు. చదివిందల్లా గుర్తుండే బుర్ర, మొదలుపెడితే గంటకి తక్కువ కాకుండా చెప్పే నోరు ఆయనవి. లోపమల్లా చెవులది. అవి ఏటేటా చిన్నవైపోతూ వచ్చాయి.

నర్సీపట్నంలో అదేం వింత కాదు. ఎదుటివాళ్ళు చెప్పేది వినేవాళ్ళ చెవులు పెరుగుతాయి, విననివాళ్ళవి తరుగుతాయి. మిషను కాంపౌండులో సువర్ణమ్మ అని ఒకావిడ ఉండేది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి బైబిలు వాక్యం చదివి వినిపించడం ఆవిడ ఉద్యోగం. చదివేది పావుగంటయితే వాళ్ళు చెప్పుకునేది వినేది రెండు గంటలు. అందుకని ఆవిడ చెవులు భుజాల మీదికి దిగి ఉండేవి. చలికాలం పమిటచెంగుతో వాటిని కప్పుకుని నడిచేది. రిక్షా తొక్కే దేవుళ్లు తాగుడు మానేసి నలుగురి మాటా వినడం మొదలెట్టాక అతని చెవులూ పెరిగాయి. అప్పుడు, పదేళ్ళ కిందట వాళ్ళమ్మ పెట్టిన చివాట్లన్నీ వరసగా వచ్చి వినబడ్డాయి. విననంత మాత్రాన మాటలు ఎక్కడికీ పోవు, చెవి పెరిగేదాకా గుమ్మం దగ్గరే కాచుకుని ఉంటాయి. దేవుళ్లు రిక్షా ఓ పక్కన ఆపుకుని మూడు రోజులు ఏడ్చి, నాలుగోరోజు మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

పంతొమ్మిదివందల డెబ్భైనాలుగు నాటికి మేష్టారి చెవులు చింతగింజలంత అయ్యాయి. కళ్ళజోడు నిలవక, కాడలకి దారం కట్టి తల వెనకాల ముడివేసుకునేవారు. క్లాసులో పిల్లలు చూసి నవ్వేవారు కాదు. వాళ్ళ నాన్నల్లో సగం మందికి అదే దారం.

ఆ ఏడు డిసెంబరులో గ్రంథాలయంవాళ్ళు మేష్టారి చేత అయిదు ఆదివారాలు ఉపన్యాసాలు ఏర్పాటు చేశారు. పాతకాలంలో ఏ జాతివాళ్ళు దేన్ని జ్ఞానమన్నారు అనేది విషయం. మిషను బడుల మేనేజరు తోమాగారు ఆయనకి స్నేహితులు. బీరువాలోని పాత ఇంగ్లీషు పుస్తకాలు రెండు గోనెసంచుల నిండా పంపించారు. నెలరోజులు వాటిలో మునిగి తేలిన మేష్టారు ఒక సంగతి కనిపెట్టి పొంగిపోయారు. ప్రపంచంలో ప్రాచీనులంతా జ్ఞానాన్ని చెవిలోనే పెట్టారు!

మన ఋషులు మొదటి మెట్టు శ్రవణం అన్నారు. బాగా తెలిసినవాణ్ణి బహుశ్రుతుడన్నారు, అంటే ఎంతో విన్నవాడు. బుద్ధుడి శిష్యులకి పేరే శ్రావకులు. యూదుల రాజొకడు దేవుణ్ణి ఆయుష్షు అడగలేదు, ఐశ్వర్యం అడగలేదు, వినే హృదయం ఇమ్మన్నాడు. ఈజిప్టులో ఒక ముసలి మంత్రి కొడుక్కి నేర్పిన విద్యంతా వినడం గురించే. గ్రీకువాళ్ళ మహాజ్ఞాని తనకేమీ తెలియదంటూ దారిన పోయేవాణ్ణల్లా ఆపి ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగేవాడు. చీనా గురువు చెవి అరవయ్యో ఏటగాని దారికి రాలేదట. ఎందుకు వినాలన్న దగ్గరే వీళ్ళంతా విడిపోయారు. ఋషి తనెవరో తెలుసుకోడానికి విన్నాడు. రాజు ఇద్దరి తగువు తీర్చడానికి, మంత్రి కొలువులో తల కాపాడుకోడానికి, బౌద్ధుడు దుఃఖం పోగొట్టుకోడానికి విన్నారు.

ఇదంతా మేష్టారు గోడకేసి తిరిగి గొంతెత్తి సాధన చేస్తున్న రోజుల్లోనే బాలాంబకి ఒక కబురు వచ్చింది.

బాలాంబ పెళ్ళికి ముందు యలమంచిలిలో చదువుకుని టీచరు ట్రైనింగు పాసయింది. ఆ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున పడి ఉంది. ఒక మంగళవారం మాటల్లో దాని సంగతి సువర్ణమ్మకి చెప్పింది. సువర్ణమ్మ విని ఊరుకోలేదు, తోమాగారి చెవిన వేసింది. గొలుగొండ మిషను బళ్ళో ఒకటో తరగతికి టీచరు లేక రెండు నెలలుగా పిల్లలు వరండాలో ఆడుకుంటున్నారు.

"మీ ఆయనగోరు ఒప్పుకుంటే సాలన్నారండి తోమాగోరు," అంది సువర్ణమ్మ. "ఇంటాయన మాట నేకండా పెద్దింటి ఆడకూతుర్ని బళ్ళో పెట్టుకుంటే రేపు తనకి మాటొస్తాదంట. సోమారం నుంచే రమ్మన్నారు. బేగి సెప్పీండమ్మా."

బాలాంబ రెండు రోజులు ఆ మాటలన్నీ మనసులో కూర్చుకుంది. గురువారం పొద్దున్న కాఫీ ఇచ్చి వెళ్ళిపోకుండా, పెళ్ళయ్యాక మొదటిసారి, బల్లకి అవతల ఉన్న కుర్చీలో కూర్చుంది.

"ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి. గొలుగొండ మిషను బళ్ళో టీచరు కావాలిట. తోమాగారు నన్ను రమ్మంటున్నారు. పొద్దున్న బస్సుకి వెళ్ళి దీపాలవేళకి వచ్చేస్తాను."

"ఊఁ."

"వంట చేసే వెళ్తాను. మీకేం లోటు రానివ్వను."

"ఊఁ."

"నాకు వెళ్ళాలని ఉందండీ."

మేష్టారు పేజీ తిప్పుతూ, కాస్త సాగదీసి, "ఊఁ..." అన్నారు.

పదిహేడేళ్ళలో అంత పొడుగు ఊఁ ఆవిడకి ఎప్పుడూ దొరకలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి పాపం. ఆ సాయంత్రమే సువర్ణమ్మకి చెప్పేసింది. రెండు నేతచీరలు ఉతికి గంజి పెట్టి ఆరేసింది. శనివారం వంటింటి గచ్చు మీద ముగ్గుపిండితో అ, ఆ లు దిద్ది, చెయ్యి ఇంకా తిరుగుతోందా లేదా అని చూసుకుంది. తిరుగుతోంది.

ఆదివారం చివరి ఉపన్యాసం. గ్రంథాలయం నిండిపోయింది. మేష్టారు అద్భుతంగా చెప్పారు. చెవి లేనివాడికి జ్ఞానం లేదని ఆయన బల్ల గుద్ది చెబుతుంటే, దారంతో కట్టిన కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. ఒక్కరూ నవ్వలేదు, ఆయన చెప్పింది అంత బాగుంది. అయ్యాక తోమాగారు వందన సమర్పణకి లేచారు.

"మేష్టారుగారు చెప్పడమే కాదండి, చేసి చూపించినారు. తమ ఇల్లాలిని మా గొలుగొండ బడికి పంపడానికి పెద్దమనసుతో ఒప్పుకున్నారు. మా పిల్లల తరపున ఆ దంపతులకి వందనాలు."

మేష్టారి పక్కనున్నాయన ఈ మాట మళ్ళీ గట్టిగా ఆయన చెవిలో చెప్పవలసి వచ్చింది.

"నా ఇల్లాలా? బడికా?" అన్నారు మేష్టారు. "ఎవరో పొరపడ్డారు. నాకెవరూ చెప్పలేదే."

తోమాగారు తెల్లబోయి ఆడవాళ్ళ వరస వైపు చూశారు. అందరూ చూశారు. బాలాంబ లేచి నిలబడింది.

"చెప్పానండీ. గురువారం పొద్దున్న. మీరు ఊఁ అన్నారు."

"లేదు. నువ్వు చెప్పలేదు, నేను అనలేదు," అన్నారు మేష్టారు. కోపంగా కాదు, తప్పు దిద్దుతున్నట్టు నెమ్మదిగా అన్నారు.

ఆయన అబద్ధమాడలేదు, తను అనలేదనే నమ్మారు. ఈ కథ చెబుతున్న నాకు ఆయన మీద కోపం చల్లారనిది కూడా అందుకే. తెలిసి అబద్ధమాడితే ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడేవారు.

బాలాంబ తిరిగి కూర్చుంది. తోమాగారు మర్యాదస్తులు. "ఇంట్లో మాట తేలాక చూద్దాంలెండి," అని కూర్చున్నారు. మర్నాడు సోమవారం. పిల్లల్ని ఇంకా ఆపలేక, బుధవారానికల్లా పాయకరావుపేట నుంచి ప్రేమజ్యోతి అనే అమ్మాయిని తీసుకున్నారు. ఆ సంగతి తెలిశాక మేష్టారు అన్న మాట ఇది: "అంత వెళ్ళాలని ఉంటే నాకు చెప్పవలసింది. వద్దంటానా?"

బాలాంబ గచ్చు కడిగేసింది. తర్వాతి మంగళవారం సువర్ణమ్మ వచ్చి తలుపు కొట్టింది, తీయలేదు. ఆ పై మంగళవారమూ తీయలేదు. సువర్ణమ్మ రావడం మానుకుంది. ఇక ఇంట్లో బాలాంబ మాట్లాడేది రెండే మాటలు. కాఫీ పెట్టాను, అన్నం వడ్డించాను. మేష్టారి చెవులు నెల తిరిగేసరికి బొత్తిగా లేకుండా పోయి రెండు చిల్లులు మిగిలాయి.

ఎనభైమూడులో ప్రభుత్వం ఉద్యోగుల్ని యాభై అయిదేళ్ళకే ఇంటికి పంపేసినప్పుడు మేష్టారు కూడా ఆ వరసలో కొట్టుకుపోయారు. పాఠం చెప్పడానికి పిల్లలు లేరు. చెప్పినా విన్నా ఇంట్లో ఒకటే నిశ్శబ్దం. ఉండబట్టలేక రోజూ సాయంత్రం దేవుళ్లు రిక్షా ఎక్కి ఊరంతా తిరిగి వచ్చేవారు. దేవుళ్లు తొక్కుతూ వెనక్కి తిరక్కుండా మాట్లాడుతూనే ఉండేవాడు.

"ఇంటన్నారా మేస్టారూ?" అని మధ్యమధ్య అడిగేవాడు.

"వింటున్నా."

"అయితే ఇప్పుడు నానేటి సెప్పినాను?"

మొదట్లో చెప్పలేకపోయేవారు. దేవుళ్లు రిక్షా ఆపేసి, సీటు దిగి, మొదట్నించీ మళ్ళీ చెప్పేవాడు. అతని ముందు పరీక్ష తప్పుతున్నందుకు మేష్టారికి సిగ్గేసేది. ఆ సిగ్గుతోనే వినడం నేర్చుకున్నారు. వరికంకి ఈనినట్టు చెవులు మెల్లగా బయటికొచ్చాయి. రెండేళ్ళు తిరిగేసరికి కళ్ళజోడుకి దారం అక్కర్లేకపోయింది. ఎనభయ్యారులో అవి మెడ దాకా దిగాయి. చెరకు తోలుకొచ్చే గొలుగొండ రైతులు కూడా ఆయన అరుగు మీద కాసేపు కూర్చుని గోడు చెప్పుకుని పోయేవారు. జ్ఞాని అనేవారు. మేష్టారికి అది బాగానే ఉండేది.

సెప్టెంబరులో బాలాంబ మాటలు వినబడడం మొదలయ్యాయి. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ అన్నవి. రోజుకి రెండు నెలల చొప్పున వచ్చాయి. పాలవాడు, గోడ, తునిలో వాళ్ళమ్మకి తగిలిన జ్వరం. ఉరుములంటే తనకి భయమని చెప్పడం. ఎదురింటాయన నడకని అనుకరిస్తూ చెప్పి తనే నవ్వుకోవడం. ఈ మనిషి ఇంత సరదా మనిషా అని మేష్టారు నివ్వెరపోయారు. అరుగు మీద కూర్చుని ఒక్కరూ నవ్వుకునేవారు, ఒక్కోసారి లోపలికి వెళ్ళి ఆవిణ్ణి చూసి వచ్చేవారు. ఆవిడ తలెత్తేది కాదు.

డిసెంబరులో ఒక పొద్దున్న, గొలుగొండ బడి మాట వచ్చింది. మాట తర్వాత మాట, కుర్చీ జరిగిన చప్పుడుతో సహా. చివర, నాకు వెళ్ళాలని ఉందండీ అన్న తర్వాత, ఒక మగ గొంతు తాపీగా "ఊఁ..." అంది. ఆ గొంతు ఎవరిదో మేష్టారు గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

వంటింట్లో బాలాంబ చింతపండు ఈనెలు తీస్తోంది.

"బాలాంబా."

"అన్నం ఇంకా అవలేదు."

"అది కాదు. నువ్వు చెప్పావు. గొలుగొండ బడి సంగతి, ఆ గురువారం. నేను ఊఁ అన్నాను. మూడుసార్లు అన్నాను. ఇప్పుడే విన్నాను."

బాలాంబ చేతులు ఆగిపోయాయి.

"చెప్పానా?" అంది.

"చెప్పావు."

"నిజంగా చెప్పానా?"

"వెళ్ళాలని ఉందని కూడా అన్నావు. నేనే లేదన్నాను, అంతమందిలో."

ఆవిడ చింతపండు పళ్ళెం పక్కకి జరిపింది.

"మొదటి ఏడాది నాకు గట్టి నమ్మకమే," అంది. "చెప్పాను, చెప్పాను అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత అనుమానం పట్టుకుంది. అన్నీ చదువుకున్నవారు, అంత నిదానంగా లేదన్నారు కదా, నేనే మనసులో అనుకుని చెప్పాననుకున్నానేమో అని. అప్పట్నించీ ఏం చెప్పబోయినా భయమే. ఇది పైకి అన్నానా, లోపల అనుకున్నానా అని. అందుకే మానేశాను."

పన్నెండేళ్ళుగా మేష్టారు ఆవిడది కోపమనుకున్నారు. కోపమైతే ఎప్పటికైనా పోతుందని ధైర్యంగా ఉన్నారు. ఇప్పుడాయన ఆవిడకి ఎదురుగా గచ్చు మీద చతికిలబడ్డారు.

"తోమాగారింటికి వెళ్ళి చెప్తాను. గ్రంథాలయంలో అందరి ముందూ చెప్తాను," అన్నారు.

"చెప్పండి. నాకు యాభై వచ్చాయి. ఇప్పుడు ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. కానీ చెప్పండి."

ఆవిడ లేచి చెయ్యి కడుక్కుంది. చీర మార్చుకుని వచ్చింది.

"ఎక్కడికి?"

"సువర్ణమ్మ దగ్గరికి. అబద్ధం మాట చెప్పి ఆవిణ్ణి తోమాగారి దగ్గరికి పంపానేమోనని ఇన్నాళ్ళూ మొహం చూపించలేదు."

"నేనూ రానా?"

"వద్దు."

వీధిలో దేవుళ్లు, "ఎక్కండమ్మగోరూ," అనడం, రిక్షా కదలడం వినబడ్డాయి. ఇప్పుడు మేష్టారికి ఊళ్ళో ఏ మూల మాటైనా అందుతుంది. సెంటరు దాటడం, మిషను కాంపౌండు గేటు కిర్రుమనడం విన్నారు.

"ఎవులూ? బాలాంబగోరా? రండమ్మా, రండి, ఇలగ కూకోండి," అంటోంది సువర్ణమ్మ ముసలిగొంతు.

"మొదట్నించీ చెప్తాను సువర్ణమ్మా," అంది బాలాంబ. అన్నం వడ్డించాను అనే గొంతు కాదది. పాత గొంతు, ఎదురింటాయన నడక చెప్పి నవ్విన గొంతు.

తన గురించి ఏం చెబుతుందో వినాలని మేష్టారికి ప్రాణం కొట్టుకుపోయింది. జన్మలో దేన్నీ అంతగా కోరుకోలేదాయన. దండెం మీదున్న తువ్వాలు తీసి, రెండు చెవులూ పైకి మడిచి, గట్టిగా చుట్టి, గడ్డం కింద ముడి వేసుకున్నారు. చింతపండు పళ్ళెం దగ్గరికి లాక్కుని ఈనెలు తీయసాగారు.

బాలాంబ తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అప్పటిదాకా ఆయన ఆ ముడి విప్పలేదు.