చదివి చెరిపెయ్

ప్రముఖుల కాగితాలు భద్రపరిచే గ్రంథాలయం నుంచి బ్రిడీ ఫోన్ చేసి అడిగింది ఉత్తరాలు. క్లైవ్ పెథరిక్ విన్నది ఉత్తర్వులు. అడిలైడ్ ఆర్కెస్ట్రాలో నలభై ఏళ్లు ట్రంపెట్ల ముందు కూర్చుని, వయొలిన్‌కు అక్కలాంటి వయోలా వాయించిన చెవులాయె, మిగిలిందే కాస్త. "ఈ వయసులో నాకు ఉత్తర్వులేంటి?" అని ఆయన లేచాడు. ఆప్రికాట్ జామ్ కలుపుతున్న మెరిల్ గరిటెతోనే వచ్చి ఫోన్ అందుకుంది. ఆ ఇంట్లో ఉత్తర్వులు జారీ చేసేది ఆయన, ఉత్తరాలు పోస్టు చేసేది ఆమె. ఏది కావాలన్నా భార్యనే అడగాలి.

గురువారం బ్రిడీ అట్టపెట్టెలతో దిగింది. ప్రతి పెట్టె మీదా 'క్లైవ్ పెథరిక్ కాగితాలు' అని ఉంది. ఆ కాగితాలను ఏళ్లవారీగా కట్టలు కట్టి పురుగు పట్టకుండా కాపాడిందెవరో ఏ పెట్టే చెప్పదు. మెరిల్‌కు అలవాటే. పెళ్లైన కొత్తలో అత్తగారు, "ఒక ఇంట్లో రెండు వయోలాలెందుకే, పక్కింటివాళ్లూ మనుషులే కదా" అంటే, తన వయోలాను మంచం కిందికి తోసి తనూ నవ్వేసింది. అప్పట్నించి ఆమె వాయిద్యం రబ్బరు.

అద్దెకు తెచ్చిన స్వరప్రతుల మీద, వయోలా తీగలపై విల్లు ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి నడపాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటారు. కచేరీ అయ్యాక అవన్నీ చెరిపి గానీ తిరిగి పంపకూడదు. "రబ్బరు పని నీకు బాగా అబ్బింది" అనేవాడు క్లైవ్, మెచ్చుకోలుగానే. ఆ గుర్తులు పెట్టేదీ ఆమేనని మాత్రం ఎవరితోనూ అనలేదు. పొయ్యి మీద సూప్ ఉడుకుతుంటే గరిటెను విల్లులా పట్టి, కూనిరాగంతో సరిచూసుకుని ఒక్కొక్కటీ పెట్టేది. విల్లు ఆయనది, ఒళ్లు హూనం ఈమెది. "పెథరిక్ విల్లు ఊపిరి పీలుస్తుంది" అని పత్రికలు రాస్తే కత్తిరించి దాచిందీ ఈమే.

అవే ప్రతులు హోబార్ట్ ఆర్కెస్ట్రాకూ వంతులవారీగా తిరిగేవి. అక్కడ వయోలాల్లో ఆఖరి కుర్చీ ఊనాది. ఒకసారి మెరిల్ చెరపడం మరిచిన గుర్తు పక్కన, 'ఇదెవరు పెట్టారో గానీ ఆ చెయ్యి చల్లగుండ' అని రాసి వచ్చింది. అదీ మొదలు. పదకొండేళ్లు, ప్రతి ఆఖరి పేజీలో, రెండు ఊళ్ల మధ్య పెన్సిలు స్నేహం. ఒక్కసారీ కలుసుకోలేదు. ఇంత గొప్ప చెవి ఉన్న మనిషి ఆఖరి కుర్చీలో ఎలా మిగిలిపోయిందా అని మెరిల్ ఆశ్చర్యపోయేది. మళ్లీ తన మంచం కింది వయోలా గుర్తొచ్చి ఆశ్చర్యం మానేది.

ఇప్పుడు బ్రిడీ ఆ కట్టల్లోంచి ఒక స్వరప్రతి తీసి, ఆఖరి పేజీ తిప్పి పైకి చదివింది.

"నువ్వు చెప్పినట్టే పదిహేడో వరసలో విల్లు పైకి నడిపాం. మా వయోలాలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చాయి. నేనే ఈ చలికాలం దాటేలా లేను. నీ వయోలా ఇంకా మంచం కిందేనా? చదివి చెరిపెయ్."

ఆ ఒక్కటే మెరిల్ చెరపలేదు. ఊనా పోయిందని తెలిశాక, ఆ ప్రతే పోయిందని దాన్ని అద్దెకిచ్చినవాళ్లకు అబద్ధం చెప్పింది.

"ఎవరో స్నేహితుడు మీకు రాసినట్టున్నాడు, క్లైవ్" అని బ్రిడీ గట్టిగా చెప్పింది. "మీ పేరు కింద పెట్టనా?"

"పెట్టు. నాకు రాయక ఇంకెవరికి రాస్తారు?"

లోకంలో మిగిలిన ఊనా అంతా ఆ నాలుగు వరసలే. అవీ ఇప్పుడు ఆయన పెట్టెలోకి పోతున్నాయి. మెరిల్ పొయ్యి ఆర్పింది. పడగ్గదిలోకి వెళ్లి, మంచం కింద నుంచి నల్లటి వయోలా పెట్టెను లాగి, దుమ్ముతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. బ్రిడీని ఖాళీ అట్టపెట్టె ఒకటి అడిగింది. ఆ పిల్ల తమ గ్రంథాలయ పద్ధతి ప్రకారం పెన్సిలు అందించింది.

"వద్దమ్మాయ్. నలభై ఏళ్లు చెరిపాను. పెన్ను ఇవ్వు."

అట్ట మీద 'ఊనా, మెరిల్' అని ఒత్తి రాసింది.

"ఏంటిది, ఎవరి ఉత్తర్వు?" అన్నాడు క్లైవ్.

మెరిల్ ఆయనకు కాస్త వినపడే చెవి వైపు వంగింది.

"ఉత్తర్వు కాదు క్లైవ్, ఉత్తరం. నాకు రాసింది."