పన్నెండో బోల్టు

దోన్ హిల్దార్దో పడవ మళ్లీ తన చేతికే వస్తుందని మాక్లోవియా కలలో కూడా అనుకోలేదు. తెకెస్ సరస్సు రేవులో, షెడ్డు ముందు ట్రాలీ మీద దాన్ని చూడగానే ఆమె చేతిలోని స్పానరును నేల మీద పడేసింది. వేక్‌బోర్డు ఆటగాళ్లను, అంటే కాళ్లకు పలక కట్టుకుని నీళ్ల మీద జారేవాళ్లను, లాగే పడవ అది. మధ్యలో నాలుగు కాళ్ల టవరు ఉంటుంది. తాడు కట్టేది దానికే, మనిషి ప్రాణం ఆధారపడేదీ దాని మీదే. రెండేళ్ల కిందట ఈస్టరు ముందు శనివారం ఆ టవరు కుడి వెనక కాలు ఊడి, రేవు పెద్ద దమాసో కూతురు యూరిదియా భుజాన్ని విరగ్గొట్టింది. అప్పటికి నెల కిందటే ఆ టవరుకు బోల్టులన్నీ మార్చింది మాక్లోవియా తండ్రి ఫిదెన్సియో.

ఇంకేముంది! "తాగుబోతు చెయ్యి, వదులు చెయ్యి" అని హిల్దార్దో రేవంతా వినబడేలా అరిచాడు. ముప్పై ఏళ్లుగా ఆ మనిషి చేతి పని చూసినవాళ్లు కూడా తలలాడించారు. "నా గుర్తులు చూడండయ్యా, ఆ కాలు ఒక్కసారి చూడండయ్యా" అని ముసలాయన మొత్తుకుంటే వినే నాథుడే లేడు. ఆ సాయంత్రానికే హిల్దార్దో పడవను అవతలి ఒడ్డున తన ఇంటికి లాక్కుపోయి గుడ్డ కప్పేశాడు. కూతురి బాధ తప్ప ఇంకేమీ పట్టని దమాసో, ఫిదెన్సియో ఇక రేవులో కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. మాక్లోవియాను మాత్రం పడవల మరమ్మతుకు ఉంచుకున్నారు, దయతో కాదు, ఆ పని ఇంకెవరికీ రాక.

"ఆదివారం బేరగాడు వస్తున్నాడు కుయెర్నవాకా నుంచి," అన్నాడు హిల్దార్దో, పళ్లలో పుల్ల ఆడిస్తూ. "తుప్పు పట్టినవన్నీ మార్చెయ్. ఊడిపోయినచోట కొత్తవి పెట్టు. పెళ్లికూతురిలా మెరవాలి. మీ నాన్న చెయ్యి కాదుగా నీది? బిగిస్తావుగా?"

"బిగిస్తాను," అంది మాక్లోవియా. ఆ ఒక్క మాట అనడానికి ఆమె పళ్లు కొరుక్కోవలసి వచ్చింది.

"పాత సామాను మొత్తం సంచిలో వేసి నాకియ్యాలి. లెక్క చూసుకుంటా."

ఆ ముక్క చెప్పనక్కర్లేదు. విప్పిన పాత ముక్కల్ని యజమాని చేతికివ్వడం అక్కడి రివాజు. ఇవ్వకపోతే అసలు మార్చావో లేదో ఎవడికి తెలుసు? మిగతావాళ్లు ఆ సంచిని చూసి చెత్తకుండీలో పారేస్తారు. హిల్దార్దో మాత్రం బల్ల మీద కుమ్మరించి, నలుగురి ముందూ ఒక్కొక్కటీ ఏరి లెక్కపెడతాడు. తనను ఎవరూ మోసం చెయ్యలేరని చాటుకోవడం ఆయనకు భోజనం కంటే ఇష్టం.

టవరు కాక మిగతా పనికే మూడు రోజులు పట్టింది. తాళ్లు కట్టే కొక్కేల మరలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. వెనక పలకకు నాలుగు బోల్టులుండాల్సిన చోట రెండే ఉన్నాయి. అవన్నీ అయ్యాక మాక్లోవియా టవరు దగ్గరికొచ్చింది. కాలుకు మూడు చొప్పున పన్నెండు బోల్టులు. మొదటి కాలు మీద దుమ్ము తుడిచేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఎర్ర గీత. అమ్మ గోళ్ల రంగు.

బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి కింది లోహం దాకా నాన్న ఆ రంగుతో సన్నని గీత గీసేవాడు. బోల్టు ఇసుమంత తిరిగినా గీత తెగుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. అమ్మ పోయినా ఆ సీసాలు మాత్రం కొంటూనే ఉన్నాడు. మూడు కాళ్ల మీద తొమ్మిది గీతలు, తొమ్మిదీ తెగకుండా ఉన్నాయి. ఊడిన కాలు దగ్గర రెండు బోల్టులు వంగి వేలాడుతున్నాయి. వాటి మీద గీత లేదు, తుప్పు మాత్రం బోలెడంత. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. నాన్న వాడే, నీళ్లలో తుప్పు పట్టని రకం ఉక్కుకు అయస్కాంతం అతుక్కోదు. ఇవి ఇంటి గేట్లకు బిగించే రకం!

మూడో చిల్లు పైకి ఖాళీగా కనబడింది. దీపం పెట్టి చూస్తే లోపల విరిగిన ముక్క ఇరుక్కుని ఉంది. రెండు రోజులు నూనె పోసి, మధ్యలో సన్నగా తొలిచి, విరిగిన ముక్కను లాగే ఎదురు మర దించి, గుడ్లెర్రబడేదాకా తిప్పితే బయటికొచ్చింది. వేలి కణుపంత తుప్పు ముక్క. దానికీ అయస్కాంతం అతుక్కుంది. మాక్లోవియా పడవలోనే చతికిలబడి బావురుమంది. ఏడుస్తూనే నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది.

ఇది తీసుకుని దమాసో దగ్గరికి పరిగెత్తితే? "అవి కూడా మీ నాన్నే పెట్టాడు" అంటాడు హిల్దార్దో. అప్పుడు ఏం చెప్తుంది?

ఇంకో ఆలోచన కూడా వచ్చింది, రాలేదని అబద్ధమెందుకు? ఒక నట్టు సగం బిగించి వదిలేస్తే చాలు. బేరగాడికి చూపించడానికి హిల్దార్దో తనే తాడు పట్టుకుని పడవ వెనక జారతాడు. స్పానరు చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు ఆ ఆలోచనను చప్పరించింది, తియ్యగానే ఉంది. కానీ అలా చేస్తే తమ ఇంటి చెయ్యి వదులు చెయ్యే అని వాడు అన్న మాటను తనే నిజం చేసినట్టవుతుంది. వాడి ఎముకలు విరిగితే ఏమొస్తుంది? వాడి నోరే విరగాలి, అదీ అందరి ముందూ.

పదకొండు కొత్త బోల్టులు బిగించింది. పన్నెండో చిల్లు ఖాళీగా వదిలేసింది.

ఆదివారం మధ్యాహ్నం రేవు పందిరి కింద ఇసుక వేస్తే రాలదు. వేయించిన మొహర్రా చేపలు, వేడి తోర్తియా రొట్టెలు, నిమ్మకాయ పిండిన బీర్లు. దమాసో కూతురితో కలిసి కూర్చున్నాడు. యూరిదియా ఇంకా ఎడమ చేత్తోనే తింటోంది. హిల్దార్దో బేరగాణ్ని వెంటేసుకుని వచ్చి సంచిని బల్ల మీద బోర్లించాడు.

"చూశారా, నా దగ్గర ఇలా ఉంటుంది," అన్నాడు బేరగాడితో. "ఏడు, ఎనిమిది, తొమ్మిది... టవరువి తొమ్మిదేనా? ఏమ్మా, ఒకటి విరిగి నీళ్లలో పోయింది, సరే. ఇంకా రెండుండాలే!"

"అవి చెత్త, దోన్ హిల్దార్దో. పారేశాను."

"పారేశావా? ఎవర్నడిగి?"

"ఎవడో దరిద్రుడు గేటు బోల్టులు తెచ్చి పెట్టాడు. మీలాంటి పెద్దమనిషి పడవలో అవి దొరికాయంటే నవ్విపోతారని పారేశాను. మా నాన్నే పెట్టుంటాడు లెండి."

హిల్దార్దో మొహం కందగడ్డలా అయింది. తన సామాను పోయిందన్న ఉక్రోషం ఒకపక్క, దరిద్రుడన్న మాట ఇంకోపక్క. పైగా ఆ పాత అబద్ధాన్ని ఎన్నిసార్లు చెప్పాడంటే, దానికి తనే అలవాటు పడి, ఎక్కడ మొదలైందో మరిచిపోయాడు.

"మీ నాన్నా? మీ నాన్న మొహం! జోహుత్లా ఊరి కొట్లో నేనే ఏరి తెచ్చుకున్నానే అవి! పాటల పెట్టె తగిలిద్దామని కాలు విప్పితే మీ నాన్న బోల్టులు మూడూ నీళ్లలో పడ్డాయి. మళ్లీ వాడి కాళ్లు పట్టుకోమంటావా? నా చేత్తో నేనే బిగించా. బుధవారం, ఎండలో, రెండు గంటలు! చెత్తట చెత్త!"

"ఏ బుధవారం?" అని అడిగాడు దమాసో. నెమ్మదిగానే అడిగాడు.

హిల్దార్దో బల్ల మీది ముక్కల్ని మళ్లీ సంచిలోకి తోసెయ్యబోయాడు.

మాక్లోవియా జేబులోంచి రెండు వంకర బోల్టులు తీసి యూరిదియా పళ్లెం పక్కన పెట్టింది. ఆ పక్కనే తుప్పు ముక్క. "ఇది నీళ్లలో పోలేదు, దమాసో మామా. చిల్లులోనే ఉంది, ఈ రెండింటికీ తోబుట్టువు. అవిగో, ఆ తొమ్మిదీ మా నాన్నవి. గీతలు చూడు. అప్పుడు చూడమంటే చూడలేదుగా, ఇప్పుడైనా చూడు!" అని అయస్కాంతం అతని చేతిలో పెట్టింది.

దమాసో తొమ్మిదింటికీ అయస్కాంతం తగిలించి చూశాడు. ఒక్కటీ అతుక్కోలేదు. ఆ మూడూ అతుక్కుని వేలాడాయి. అతను కూతురి భుజం వంక చూసి, కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"ఆగు మామా, కొట్టకు. ఇంకా పని మిగిలుంది." మాక్లోవియా వంకర బోల్టొకటీ స్పానరూ హిల్దార్దో ముందు పెట్టింది. "పన్నెండో చిల్లు ఖాళీగా ఉంది. చెత్త కాదన్నారుగా? మీ చేత్తో బిగించండి. బిగించి, తాడు మీరే పట్టుకోండి. మేమంతా ఇక్కణ్నుంచి చూస్తాం."

హిల్దార్దో ఆ స్పానరు వంకైనా చూడలేదు. బేరగాడు ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా జారుకున్నాడు.

దమాసో రోడ్డు మీదికి నడిచాడు. అక్కడ ఫిదెన్సియో చిల్లర డబ్బుల కోసం ఎర్రగుడ్డ ఊపుతూ, పార్కు చేసే కార్లను వెనక్కి రమ్మని, ఆగమని అరుస్తున్నాడు. రెండేళ్లుగా అదే ఆయన బతుకు. దమాసో ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు. వచ్చేటప్పుడు మాత్రం దమాసో టోపీ చేతిలో ఉంది, ముసలాయన ముందు నడుస్తున్నాడు.

ఫిదెన్సియో ఎవరినీ పలకరించలేదు. పడవెక్కి, కూతురు బిగించిన పదకొండింటినీ వేలితో తడిమి చూశాడు. పన్నెండో చిల్లులో కొత్త బోల్టు పెట్టి, గుండెలోని కసంతా మణికట్టులోకి దించి బిగించాడు. మాక్లోవియా గోళ్ల రంగు సీసా అందించింది. పన్నెండు గీతలు గీశాడు. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

"నాన్నా, దిగు. చాలు," అంది మాక్లోవియా.

"చాలదు." ఆయన పడవలోనే నిలబడి హిల్దార్దో వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఆ కాలు ఊడింది ఎవరి చేతివల్ల?"

హిల్దార్దో నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"వినబళ్లేదు."

"నా... నా చేతివల్లే, దోన్ ఫిదెన్సియో."

"అలా కాదు," అన్నాడు ముసలాయన, సీసా మూత బిగిస్తూ. "అప్పుడు అవతలి ఒడ్డు దాకా వినబడేట్టు అరిచావుగా. అంత గట్టిగా చెప్పు."