ఇల్లు లేని దర్వాజ

చివ్వెంల నుంచి వచ్చే ఆరు గంటల బస్సులో ఐలమ్మ ఎప్పుడూ కూర్చునేది కాదు. ఒక చేతిలో పెరుగు కుండ, ఇంకో చేతిలో చీపురు పట్టుకొని తలుపు దగ్గరే నిలబడి, బస్సు ఆగకముందే దిగేది. ఆమె కాలు నేల మీద పడితే సూర్యాపేట బస్టాండు గడియారం తన ముల్లు సర్దుకునేదని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. అక్కడి నుంచి బైపాస్ దాకా నడక. ముత్యాల నగర్ అని కొత్తగా వెంచర్ వేశారు. పసుపు రంగు పూసిన హద్దురాళ్లు, తుమ్మ చెట్లు, ఒకే ఒక్క కరెంటు స్తంభం, దాని కింద శాంతాబాయి ఇడ్లీ బండి. నలభై రెండో నంబరు ప్లాటులో గోడ లేదు, కప్పు లేదు. నట్టనడుమ ఒక వేపకర్ర దర్వాజ చట్రం మాత్రం నిలబడి ఉండేది.

ఐలమ్మ కడప కడిగి, పసుపు రాసి, ముగ్గు పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి పోయేది. లోపల రెండు అర్రలు, ముందర వసారా, వెనక గొర్రెల దొడ్డి. ఊడ్చి, తూర్పు కిటికీ తెరిచి, చాయ్ కాచుకొని గోడకు ఆనుకొని తాగేది. అరగంటకు అదే దర్వాజలోంచి బయటికి వచ్చి పెరుగు అమ్మడానికి పోయేది. బయట నిలబడి చూసేవాళ్లకు దర్వాజ వెనక తుమ్మ చెట్లే కనపడేవి.

"ఊడ్సుడు అయిందా అక్కా?" అని శాంతాబాయి అడిగేది.

"అయింది. వంటింట్ల ఎలుక వడ్డట్టున్నది."

"కట్టని ఇంట్ల గూడ ఎలుకలేనా! మా కిరాయింట్ల నల్లులు వడితే, మీరే తెచ్చిన్రని ఓనరు మొత్తుకుంటడు."

మున్సిపాలిటీ మనిషి పన్ను రాయడానికి వచ్చి, దర్వాజ చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇల్లు లేదు, దర్వాజ కలదు" అని రాసుకొని, రెండు ఇడ్లీలు తిని పోయాడు.

ఐలమ్మ మొగుడు వీరయ్య. వీరయ్య అంటే మాటలా! ఒక్క ఈల వేస్తే మూడు వందల గొర్రెలు ఒకే గొర్రెలాగా మళ్లేవి. సాగర్ అడవుల్లో ఒక తోడేలు ఆ ఈల విని చతికిలబడి, మళ్లీ లేవనే లేదట. ఆ మందతోనే ఐలమ్మ తన తమ్ముడు ధర్మేందర్‌ను పెంచింది. తల్లి పోయిన నాటికి వాడికి రెండేండ్లు. సంకన వేసుకొని అత్తగారింటికి కాపురానికి వచ్చింది. గొర్రె పాలు తాగించింది, డిగ్రీ దాకా చదివించింది. ఆ డిగ్రీతో వాడు సూర్యాపేటలో ప్లాట్ల బ్రోకరు అయ్యాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఎండిపోయిన బావిని చూపించి, నేలమాళిగ ఉన్న బంగళా అని అమ్మగల నోరు.

"ఎన్నేండ్లు కాస్తవ్ బావా గొర్రెలను?" అన్నాడు ఒకరోజు. "రోగమొస్తే ఒక్క వానకు మంద ఖతం. భూమికి రోగం రాదు. బైపాస్ పక్కన రెండు వందల గజాలు ఉన్నది. రేపు నాలుగు లైన్ల రోడ్డు వడ్తే బంగారమే ఇగ."

అది రెండువేల ఐదు ఎండకాలం. సగం మందను అమ్మి ధర్మేందర్ చేతిలో పెట్టారు. మిగిలిన సగాన్ని మేపుకోవడానికి సాగర్ కాలువ వెంబడి పోయారు. ఐతారం ఐతారం కాలువ ఒడ్డునే ఉన్న హాలియా ఎస్టీడీ బూతు నుంచి ఐలమ్మ తమ్ముడికి ఫోన్ చేసేది. ఒక ఐతారం వాడు హడావుడిగా ఉన్నాడు.

"అక్కా, రేపే రిజిస్ట్రేషన్. ఆగితే ప్లాటు ఇంకొకనికి పోతది. మీరేమో గాడున్నరు. నా పేరు మీద రాయించి పెడ్త, మీరు వచ్చినంక మారుద్దాం."

ఫోన్ పక్కనే చెవి పెట్టి నిలబడ్డ వీరయ్య భార్య ముఖంలోకి చూశాడు. ఐలమ్మ ఆలోచించనేలేదు.

"ఎవల పేరైతే ఏంది? మనోడే గదా."

ఆ మాటకు స్టాంపు లేదు, సాక్షి సంతకం లేదు. కాలువ విన్నది, గొర్రెలు విన్నాయి.

వానలు మొదలయ్యాక ఊరికి వచ్చారు. మూఢం ముంచుకొస్తోంది, గోడలు తర్వాత లేపుకోవచ్చు, ముందైతే దర్వాజ ఎత్తండి అన్నాడు ముహూర్తం చూసిన అయ్యగారు. దొడ్డిలో ముప్పై ఏండ్లు మందకు నీడనిచ్చిన వేపను కొట్టారు. ఆ మాను కొయ్యడానికి పదకొండు రంపాలు అరిగిపోయాయి, రంపం పట్టిన వడ్లాయన భుజం ఒక పక్కకు ఒరిగి ఇప్పటికీ అట్లనే ఉంది. దర్వాజ నిలబెట్టి కొబ్బరికాయ కొట్టగానే ముందు వీరయ్య, వెనక ఐలమ్మ కడప దాటారు. దాటి, కనపడలేదు.

"అర్ర సల్లగున్నదే!" అని లోపల నుంచి వీరయ్య గొంతు వినపడింది.

తర్వాత ధర్మేందర్ కాలు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే అవతలికి పోయి తుమ్మ పొదలో పడ్డాడు. తెల్ల చొక్కా చిరిగింది. అందరూ నవ్వారు. ఐలమ్మ బయటికి వచ్చి ముండ్లు తీస్తూ తనూ నవ్వింది.

"ఏందిరా, నీకు ఇల్లు కనవడలేదా?"

"ముండ్లే కనవడ్డయి అక్కా."

"తియ్, మనోనివే గదా. జర ఆగితే నీకు గూడ కనవడ్తది."

దర్వాజ ఆ రోజే చెప్పింది. ఐలమ్మ రక్తం మాట విన్నది.

పేరు మార్చే సంగతి ఎత్తినప్పుడల్లా ధర్మేందర్ దగ్గర ఒక జవాబు ఉండేది. ఆఫీసులో కంప్యూటర్ చెడిపోయింది. ఈ నెల మంచిది కాదు. సారు సెలవులో ఉన్నాడు. ఆరేండ్లు గడిచాయి. నాలుగు లైన్ల రోడ్డు వచ్చింది. ముత్యాల నగర్‌లో గజం ధర వింటే మనుషులు అక్కడే కూర్చుండిపోయేవాళ్లు.

ఒక పొద్దున ఐలమ్మ చీపురుతో వచ్చేసరికి దర్వాజ చుట్టూ పునాది గుంతలు తవ్వి ఉన్నాయి. ధర్మేందర్ ఫోన్‌లో మాట్లాడుతూ మేస్త్రీకి చేత్తో సైగలు చేస్తున్నాడు. ఐలమ్మకు సంతోషంతో కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏందిరా ఇది! మాకు చెప్పకుండనే మా ఇల్లు కడ్తున్నవా?"

ధర్మేందర్ ఫోన్ చెవి నుంచి తీయలేదు. "మీ ఇల్లేంది అక్కా? ప్లాటు నా పేరు మీదున్నది. నేను కట్టుకుంటున్న."

"మరి మా గొర్రెలు?"

"నన్ను పెంచితివి, సదివిస్తివి. గిది గూడ అక్క పెట్టిందే అనుకున్న. కాదంటవా, కాయితం ఉంటే తెచ్చుకో."

ఐలమ్మ చివ్వెంలలో కేకేస్తే సూర్యాపేటలో బస్సు బ్రేకు పడేది. ఆ రోజు ఆమె ఇల్లు ఊడ్వకుండానే, చీపురు సంకన పెట్టుకొని తిరుగు బస్సెక్కింది.

పెద్దమనుషులు కూర్చున్నారు. కాయితం ఉందా అని అడిగారు. "మాట ఉన్నది," అన్నాడు వీరయ్య.

"మాటకు జిరాక్స్ తియ్యలేం గదా వీరన్నా," అని లేచి పోయారు.

ఆ ఏడే మిగిలిన మందకు రోగం తగిలింది. వీరయ్య మేళ్లచెరువు పోయి లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తాడు. ఐలమ్మ శాంతాబాయి బండి దగ్గర పిండి రుబ్బుతూ, ఎదురుగానే ఒక అర్ర కిరాయికి తీసుకుంది. తన ఇల్లు తనది కాకుండా లేస్తుంటే రోజూ చూసింది.

దర్వాజను పీకడానికి ధర్మేందర్ చేయని ప్రయత్నం లేదు. జేసీబీ పండ్లు మూడు ఊడిపోయాయి. కోదాడ నుంచి క్రేన్ తెప్పిస్తే దాని తాడు తెగి ఎగిరి, మిర్యాలగూడలో రైస్ మిల్లు మీద పడిందని అక్కడి హమాలీలే చెప్పారు. ఇక లాభం లేదని గోడలు దాని చుట్టే లేపాడు. మూడంతస్తులు, మెట్లకు గ్రానైటు, గేటుకు రెండు సింహాలు.

శ్రావణంలో గృహప్రవేశం. అక్కను పిలవలేదు. ధర్మేందర్, భార్య లత కుడికాళ్లు లోపల పెట్టారు. వెనక సందులో తేలారు. అయ్యగారూ అంతే. ఆవును తోలితే అది కూడా సందులోకే పోయి తుమ్మకాయలు నమిలింది. కిటికీలోంచి దూకినవాళ్లదీ అదే దారి. చుట్టాలు చేతులు కడుక్కొని టెంటు కింద భోంచేసి, "ఇల్లు బాగున్నది, బయటి నుంచి," అని మెచ్చుకొని పోయారు. ధర్మేందర్ తన ఇంటి పక్కనే ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాడు.

నాలుగు నెలలకు వాడు ఇడ్లీ బండి దగ్గరికి వచ్చాడు.

"రా ఓనరూ," అంది శాంతాబాయి. "ప్లేటు వెయ్యాల్నా? గీడ లోపలికి పోయే పనే లేదు, నిలవడే తినొచ్చు."

వాడు విననట్టే ఐలమ్మకు ఒక పట్టుచీర చాపాడు. "అక్కా, ఆడబిడ్డ కడప దాటక ఇల్లు అలిగిందంటున్నరు. నువ్వొక్కసారి లోపలికి పోయి నన్ను పిలువు. నువ్వు పిలిస్తే నేను వస్త."

ఐలమ్మ చీర ముట్టుకోలేదు. సెలవు మీద వచ్చిన వీరయ్య వైపు చూసింది. ఆయన కనుబొమల మీద సిమెంటు ఇంకా అట్లనే ఉంది.

"పోదామా?"

"ఇల్లు ఊడ్వక ఏడాది దాటింది," అన్నాడు వీరయ్య.

ఆమె చీపురు తీసుకుంది. ఇద్దరూ కడప దాటారు. లోపల గ్రానైటు లేదు, పై అంతస్తులు లేవు. రెండు అర్రలు, తూర్పు కిటికీ, బోర్లించిన చాయ్ గిన్నె, దాని మీద దుమ్ము. వీరయ్య వెనక దొడ్డిలోకి పోయి ఈల వేశాడు. అమ్మినవీ, చచ్చిపోయినవీ కలిసి మూడు వందల గొర్రెలు ఒకే గొర్రెలాగా మళ్లాయి.

"అక్కా!" బయట నుంచి ధర్మేందర్. "ఇయ్యాల నువ్వు కనవడ్తున్నవ్, నేనే రాలేకపోతున్న. ఒక్క మాట అను. మనోడే అను, సాలు."

ఐలమ్మ చూసింది. కడప అవతల నిలబడి ఉన్నాడు, తను సంకన మోసిన పిల్లవాడు. చొక్కాకు తుమ్మ ముండ్లు. ఆ మాట ఆమె నాలుక కొస దాకా వచ్చింది. ఇన్నేండ్లు నడిచి నడిచి నున్నబడిన దారి దానిది.

ఆమె కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచుకొని వచ్చింది.

"ఎవలయ్యా? ఎవలు గావాలె?"

"అక్కా, నేను..."

"దూపైనట్టున్నది. తాగు." చెంబు చాపుతుంటే సగం నీళ్లు కడప మీద ఒలికాయి. "తాగి చెంబు గాడ వెట్టి పో."

వాడు తాగాడు. చెంబు కడప మీద పెట్టాడు. ఐలమ్మ చెయ్యి వచ్చి దాన్ని లోపలికి తీసుకుంది.

ఆ దర్వాజకు ఏనాడూ తలుపులు లేవు. అయినా లోపల గడియ పడిన చప్పుడు శాంతాబాయి బండి దాకా వినపడింది.