ముక్క తీసి చూడండి

కోపం వస్తే మెర్సీ గొంతు లేవదు, ఇంకా తగ్గుతుంది. ఏలూరులో పిల్లల డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆమె మాట పక్కవాళ్లకే సరిగ్గా వినపడలేదు.

పక్కన తొమ్మిదేళ్ల కూతురు జాయ్సీ, మెడకు కుడివైపు కోడిగుడ్డంత గడ్డతో. నాలుగు నెలల క్రితం అది గోళీకాయంత ఉన్నప్పుడు సూదితో నీరు తీసి చూశారు. ఏమీ తేలలేదు. పిల్లల మెడలో బిళ్ల కట్టిందంటే టీబీయే అయ్యుంటుందని మాత్రలు రాశారు. జాయ్సీ ఒక్క పూట మానకుండా మింగింది. గడ్డ పెరిగింది, పిల్ల తరిగింది.

"ఇంకో రెండు నెలలు వాడి చూద్దామమ్మా. టీబీ గడ్డలు మందు వాడుతున్నా ఒక్కోసారి పెరుగుతాయి," అన్నాడు డాక్టరు.

ఆయన అబద్ధం చెప్పలేదు. వచ్చిన చిక్కంతా అదే.

"గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపండి," అంది మెర్సీ.

"కత్తి పెడితే ఒళ్లంతా పాకుద్ది," అని వెనక నుంచి అత్తగారు కనకమ్మ గొణిగింది.

మెర్సీ వెనక్కి తిరగలేదు. "డాక్టరుగారండీ, నేను కలిదిండిలో రొయ్యల చెరువుకి మేత వేస్తానండి. రొయ్య మేత ముట్టకపోతే ఒకసారి మందు చల్లి చూస్తాం. తగ్గలేదా, నాలుగు రొయ్యలు పట్టి కైకలూరు ల్యాబ్‌కి పంపుతాం. ఏ జబ్బో తెలీకుండా మళ్లీ అదే మందు చల్లితే మా రైతుగారు నన్ను పనిలోంచి తీసేస్తారండి. నా పిల్ల రొయ్యపాటి చెయ్యదాండీ?"

"బయట చాలామంది ఉన్నారమ్మా."

"ఉండనివ్వండి. మీరు రాసేదాకా నేను లేవనండి."

లేవలేదు. నర్సు వచ్చి చెప్పింది, అత్తగారు చెయ్యి పట్టి లాగింది, జాయ్సీ కూడా "పోదామమ్మా" అంది. చివరికి డాక్టరే కాయితం ముందుకు లాక్కుని రాశాడు.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. టీబీ కాదు, లింఫోమా. ఒక రకం క్యాన్సర్. కనకమ్మ కూలబడిపోయింది. మెర్సీ అడిగింది.

"నయమవుద్దాండీ?"

"చాలామంది పిల్లలకి నయమవుతుందమ్మా. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి." డాక్టరు తల దించుకున్నాడు. "ఈ పరీక్ష నేను ముందే రాయాల్సింది."

మెర్సీ సంచిలోంచి మిగిలిన మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టింది.

"మందు పని చెయ్యనప్పుడు ముక్క తీసి చూడండి. ఇంకో పిల్లని నాలుగు నెలలు ఆపకండి."

ఈసారి ఆ మాట వరండాలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులందరికీ వినపడింది.