చెరపని చిరునామా

బాబాయి వచ్చిన నెలకే రక్తపరీక్ష యంత్రం మొరాయించడం మొదలుపెట్టింది. ఆఫీసులో అందరూ బాబాయి అని పిలిచే ఆ యాభై ఏళ్ల ప్రోగ్రామర్ మీద, అక్కడి పాత ప్రోగ్రామర్ పెద్దక్కకు మొదటి నుంచీ అనుమానమే. యంత్రాన్నీ కంప్యూటర్‌నీ కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఆమె రాసింది. ఆరేళ్లుగా దాని మీద ఈగ వాలనివ్వలేదు. ఇప్పుడు బాబాయి అందులో మార్పులు చేశాడు. పైగా ఆ మనిషి ఎవరితోనూ కలవడు. ఇంకేం కావాలి?

పొద్దున్నే మేనేజరు చెవిన వేసింది.

"ఆయన చెయ్యి పడ్డాకే ఇదంతా."

"రుజువు చూపించు, సాయంత్రమే పంపించేద్దాం" అన్నాడాయన.

లోపం వస్తే ఏమవుతుందో చూద్దామని, యంత్రం పనిలో ఉండగా పెద్దక్క కేబుల్ పీకింది. లోపం వచ్చిందని డ్రైవర్ తెరమీద చూపించి, తను వాడుకున్న మెమరీని ఖాళీ చేసింది. అంతా సవ్యంగానే ఉంది. తీరా డ్రైవర్‌ను ఆపగానే కంప్యూటర్ గుడ్లు తేలేసింది.

తప్పు ఒక పాయింటర్ దగ్గరుంది. పాయింటరంటే మెమరీలో ఫలానా గది నాదని రాసుకున్న చిరునామా. గది ఖాళీ చేశాక చిరునామా కూడా చెరిపేయాలి. లేకపోతే చివర్లో అన్నీ సర్దే కోడ్ ఆ చిరునామా పట్టుకుని మళ్లీ ఖాళీ చేయడానికి పోతుంది. అప్పటికి అందులో ఇంకెవరో దిగి ఉంటారు. వాళ్ల సామాను వీధిలో పడుతుంది. ఆ చెరిపే లైనే ఇక్కడ లేదు.

"దొరికాడు!" అనుకుని, కోడ్‌లో ఎవరు ఏం మార్చారో రాసి ఉండే చిట్టా అంతా తిరగేసింది. ఆమె రాసిన పాత కోడ్, లోపం వస్తే గది ఖాళీ చేసేదే కాదు. బాబాయి ఖాళీ చేసే లైనూ, దాని కింద చిరునామా చెరిపే లైనూ చేర్చాడు. ఆ రెండోదాన్ని తీసేసింది తనే. "చాదస్తపు లైను తొలగించాను" అని రాసిపెట్టింది కూడా. పెద్దక్కకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మేనేజరు గదికి పరుగెత్తి తప్పు తనదేనని చెప్పింది. అక్కడి నుంచి నేరుగా బాబాయి బల్ల దగ్గరకు వెళ్లింది.

"ఆ లైను నేనే తీసేశాను బాబాయ్."

"తెలుసమ్మా. వారమైంది చూసి."

"మరి చెప్పలేదేం?"

"నన్ను సాగనంపడానికి కావాలనే తీశావనుకున్నా. కొత్తవాణ్ణి, నా మాట ఎవరు నమ్ముతారు?"

"ఒట్టు బాబాయ్, కావాలని కాదు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లావుగా. నా గురించి ఏం చెప్పావు?"